శుక్రవారపు అజాయబ్‌ఘర్

మా ఆయన పోయాక పరామర్శకు వచ్చినవాళ్లు ఆయన్ని ధైర్యవంతుడన్నారు. మర్యాద కోసం అన్న మాటే, అయినా నాకు మింగుడుపడలేదు. ఆయన భయస్తుడు. ఇంటికి టెలిగ్రాం వస్తే విప్పకుండా నా చేతికిచ్చి, నేను చదివేదాకా గోడవైపు తిరిగి నిలబడేవారు. ఆ మనిషి ఒక మధ్యాహ్నం ఏం చేశారో నేను పర్దా ఇవతలి నుంచి విన్నాను. మెచ్చుకోలు మాటలు ఆ మధ్యాహ్నాన్ని కప్పేయకముందే రాసిపెట్టుకోవాలనిపించింది.

అప్పటికి రాష్ట్రాలు కలిసి ఎక్కువ కాలం కాలేదు. శాలిబండ దగ్గరి ఒక గల్లీలో, ఒక పాత దేవిడీ బంగళాలో, అతిథుల్ని కూర్చోబెట్టే దివాన్‌ఖానాలో, మా వాళ్ల సంఘం ఒక విజ్ఞాన ప్రదర్శనశాల నడిపేది. సంఘమంటే మా ఆయన, ఆయన స్నేహితులు ఇద్దరు. ఆయన ఒక కాలేజీ ప్రయోగశాలలో డెమాన్‌స్ట్రేటరు. బోర్డు మీద తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో పెద్ద పేరే రాయించారు కాని గల్లీలో అందరూ దాన్ని అజాయబ్‌ఘర్ అనేవాళ్లు. ఒక దూరదర్శిని, ఒక సూక్ష్మదర్శిని, చేత్తో తిప్పితే నిప్పురవ్వ దూకే కరెంటు యంత్రం, సీసాల్లో పాములు, కర్రతో చేసిన పెద్ద కన్ను, కడుపులో బిడ్డ ఎలా ఉంటుందో చూపే సున్నపు బొమ్మ. ఇవే ఉన్నవి.

మొదట్లో ఒక జాగీర్దారు ఏటా ఈద్‌కు ఇంత అని ఇచ్చేవాడు. జాగీర్లు పోయిన తరువాత ఆయన తన దూరదర్శినిని బండిలో పంపి, ఇక తన దగ్గర ఇవ్వడానికేమీ లేదని కబురు చేశాడు. టిక్కెట్టు పెడదామని స్నేహితుల్లో ఒకరు అన్నారు. మా ఆయన ఒప్పుకోలేదు. గుమ్మం దగ్గర ఒక డబ్బా పెట్టారు, ఇష్టమున్నవాళ్లు వేస్తారని. అందులో గుండీలు పడేవి, దుకాణాల్లో చెల్లని పాత సర్కారు హాలీ సిక్కాలు పడేవి. గల్లీ మొత్తానికీ చెల్లని సిక్కాలు మా దగ్గరికే వస్తున్నాయని ఆయన నవ్వేవారు.

అందుచేత ఆ ఇంటి అద్దెకు దిక్కు ప్రభుత్వం ఏడాదికోసారి ఇచ్చే గ్రాంటే. ఆ ఇల్లు అప్పటికే ఒక మార్వాడీ సేఠు కొన్నాడు. ఎండుమిర్చి టోకు వ్యాపారం ఆయనది. చెడ్డవాడు కాడు. గుమ్మం ముందు నిలబడి మాత్రం తేల్చి చెప్పాడు: "నేను మిమ్మల్ని ఎల్లగొడ్తలేను సారూ. మార్చి దాటినంక గూడ కిరాయి రాకపోతే మాత్రం నా మిర్చి బస్తాలు ఈడ దింపుకుంట. మిర్చికి గూడ నీడ గావాలె గద." మార్చి లోపల గ్రాంటు వస్తే అజాయబ్‌ఘర్ ఉంటుంది, రాకపోతే పోతుంది. అంతకంటే చెప్పవలసింది లేదు.

ఇక శుక్రవారాల సంగతి. అజాయబ్‌ఘర్ తెరిచిన కొత్తలో మా పక్కింటి ఖాలా ఒకరోజు గోడ మీది నుంచి నన్ను పిలిచింది. ఆమె పెద్ద వయసు వితంతువు. గల్లీలో ఏ ఇంట్లో ఎవరు అలిగినా ఆమెకు కబురు వెళ్లేది.

"ఏంది బేటీ, గా కడుపుల బిడ్డ బొమ్మ ఉన్నదంట గద మీ అజాయబ్‌ఘర్ల?"

"ఉంది ఖాలా."

"మొగోళ్లు చూస్తున్నరా దాన్ని?"

"చూస్తున్నరు."

"ఆళ్లకెందుకమ్మా? కనేది ఆళ్లా?"

శుక్రవారాలు అలా మొదలయ్యాయి. జుమ్మా నమాజుకు మగవాళ్లు వెళ్లాక, మధ్యాహ్నం నుంచి సాయంత్రపు అసర్ నమాజు అజా వినిపించేదాకా అజాయబ్‌ఘర్ ఆడవాళ్లది. పర్దా ఉన్న ఇళ్ల నుంచి ఆడవాళ్లను పంపించడానికి పెద్దవాళ్లు ఒకటే షరతు పెట్టారు. ఆ వేళలో ఆ గుమ్మం ఏ మగవాడూ దాటకూడదు. మా ఆయన ఖాలా వెంట ఇంటింటికీ వెళ్లి, ఒక్కో వాకిట తల వంచుకుని నిలబడి, వేలాడే పర్దాకు చెప్పినట్టు చెప్పారు: "ఎవ్వరూ రారు. నేను గూడ రాను."

మాట ఇచ్చాక గుమ్మానికి పర్దాగా మా ఇంటి పాత జంపఖానా వేలాడదీశాం. అది నేలకు జానెడు పైనే ఆగిపోయేది. దాని కింద నుంచి బయట నిలబడ్డవాళ్ల కాళ్లు మాత్రం కనిపించేవి. ఆడవాళ్లు తమ ఇళ్ల నీళ్లు చిన్న సీసాల్లో తెచ్చేవాళ్లు. బావి నీళ్లు, నల్లా నీళ్లు, బుడ్డీలో నిలవున్న నీళ్లు. ఒక్కో చుక్క గాజు పలక మీద వేసి, కిటికీ దగ్గరి వెలుతురులో చూపించడం నా పని. చుక్కలో తిరిగేదాన్ని చూసినవాళ్లు ఇంటికెళ్లి నీళ్లు మరగబెట్టేవాళ్లు. వద్దని అత్తగారు కట్టెల ఖర్చు గురించి లొల్లి పెడితే మరుసటి శుక్రవారం అత్తగారినే తీసుకొచ్చేవాళ్లు. మిగతా రోజుల్లో మగవాళ్లు అప్పుడొకరు ఇప్పుడొకరు వచ్చి పాముల్ని చూసి వెళ్లిపోయేవాళ్లు. గది నిండేది శుక్రవారమే.

ఆ ఏడు మార్చిలో, గ్రాంటు ఇచ్చే ముందు ఒక అధికారి వచ్చి స్వయంగా చూస్తాడని ఆఫీసు నుంచి చెప్పారు. ఏ రోజని చెప్పలేదు. ఈ వారంలో ఎప్పుడైనా అన్నారు. సోమవారం పొద్దున మా ఆయన సీసాలన్నీ తుడిచారు. పక్క బడి మాస్టరును బతిమాలి పిల్లల్ని వరసగా పంపించమన్నారు. సోమవారం పిల్లలొచ్చారు, అధికారి రాలేదు. మంగళ, బుధ, గురువారాలు అలాగే గడిచాయి. గురువారం సాయంత్రానికి బడి మాస్టరు విసుక్కున్నాడు. "శనివారం మళ్ల పంపిస్త. రేపైతే ఎట్లాగూ లేదు గద," అన్నాడు.

రేపు లేదని అందరమూ అనుకున్నాం. పాత సర్కారులో సెలవు శుక్రవారం. అది ఆదివారానికి మారి ఏళ్లయింది. మా ఆయన స్వయంగా శుక్రవారాలు పొద్దుటిపూట కాలేజీకి వెళ్లి వస్తున్నారు. అయినా పుట్టినప్పటి నుంచి శుక్రవారం ఆఫీసు మనిషిని గల్లీలో చూడని కళ్లు మావి. స్నేహితులిద్దరూ అదే అన్నారు: "జుమ్మా రోజు ఎవరొస్తరు భాయ్?" శుక్రవారం పొద్దున ఆయన చాలారోజుల తరువాత నిమ్మళంగా అన్నం తిన్నారు.

ఆ మధ్యాహ్నం గదిలో మనిషి మసలడానికి చోటు లేదు. బుర్ఖాలు తీసి ఒక మూల కుప్ప వేశారు. సేఠు చిన్నకోడలు కూడా వచ్చింది. మామగారి ముందు ముసుగెత్తని ఇల్లు వాళ్లది. ఆమె గర్భవతి. వచ్చినప్పుడల్లా మాట్లాడకుండా సున్నపు బొమ్మ దగ్గరే నిలబడేది. ఆమె లాంటి కోడళ్లు తెరలు కట్టిన రిక్షాల్లో వచ్చేవాళ్లు. రిక్షాలు మళ్లీ అసర్ వేళకే వస్తాయి.

బయట జీపు ఆగిన చప్పుడైంది. గల్లీలోకి జీపు రావడం అరుదు కనక అందరం ఒక్కసారి ఆగాం. పర్దా కింద ఎర్రదుమ్ము పట్టిన నల్లబూట్లు కనిపించాయి.

"ఏమండీ, ఎవరూ లేరేమిటి?" అన్నది కొత్త గొంతు. కోస్తా యాస. ఎవరో నాకు వెంటనే అర్థమైంది.

మా ఆయన వాకిట్లో వేపచెట్టు కింద కుర్చీలో కూర్చుని ఉండాలి. కుర్చీ పడిపోయిన చప్పుడు వినిపించింది.

"నమస్కారం సార్. ఉన్నరు సార్. లోపల ఆడోళ్లున్నరు, గది నిండ ఉన్నరు."

"చూపించండి మరి."

"ఇయ్యాల జనానా సార్. మొగోళ్లు పోవద్దు. నేను గూడ పోను."

 అధికారి కోపం లేకుండానే అన్నాడు: "చూడండి. ఈ నెలంతా నేను ఇలాంటి సంస్థలే తిరిగాను. బోర్డు ఉంటుంది. లోపలికెళితే బూజు ఉంటుంది. అడిగితే నిన్ననే జనం వచ్చి వెళ్లారంటారు. గ్రాంటు మాత్రం ఏటా వెళుతూనే ఉంది. అంచేత నా కళ్లతో మనుషుల్ని చూడందే రాయకూడదని పెట్టుకున్నాను."

"రేపు రాండ్రి సార్. రేపు బడి పిల్లలు..."

"రేపు నేను వరంగల్‌లో ఉండాలి. సోమవారం కాగితాలు పైకి వెళ్లిపోతాయి. నాకూ అక్కచెల్లెళ్లున్నారండి. ఒక పక్కగా నిలబడి చూసి వచ్చేస్తాను. ఐదు నిమిషాలు."

ఆయన అడిగింది అన్యాయం కాదు. నాకది అప్పుడూ తెలుసు. బొంకేవాళ్లను చూసి చూసి వచ్చిన మనిషి మా గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. మా దగ్గర బొంకు లేదు. అది చూపడానికే వీలు లేదు.

మా ఆయన చెప్పులు పర్దా దగ్గరికి వచ్చాయి.

"ఇగో... ఇంటున్నవా?"

"ఇంటున్న."

"ఐదు నిమిషాలంటుండు. బుర్ఖాలు ఏస్కుంటే... ఏం జెయ్యమంటవ్?"

నేను వెనక్కి చూశాను. కుప్పలోంచి కొందరు బుర్ఖాలు లాక్కున్నారు. రిక్షాల్లో వచ్చినవాళ్లకు అవి లేవు, రిక్షాలూ లేవు. సేఠు కోడలు బొమ్మ వెనక్కి జరిగి, కొంగు గడ్డం దాకా దించుకుంది. ఈ గదిలో మగవాడు అడుగుపెట్టాడని తెలిస్తే ఆమెను ఇంకెక్కడికీ పంపరు. ఆమె ఒక్కతెతో అది ఆగదు. ఖాలా తన చెప్పులు తీసి చేతిలో పట్టుకుంది. పెరటి తలుపు ఆమెకు తెలుసు. ఆమె వెళితే ఆమె వెంట గల్లీ అంతా వెళుతుంది.

అద్దె గురించి కూడా నాకు తెలుసు. ఆయన ఆ గది కోసం ఏం వదులుకున్నారో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. వద్దని నేను చెప్పవచ్చు. చెబితే తరువాత అది నా వల్ల పోయినదవుతుంది.

"మాటిచ్చింది మీరు," అన్నాను.

పర్దా కింద ఆయన కాలివేళ్లు చెప్పుల్లో ముడుచుకున్నాయి. తరువాత ఆ చెప్పులు వెనక్కి తిరిగాయి.

"ఒద్దు సార్. లోపలికి ఒద్దు."

"గ్రాంటు రాదని తెలిసే అంటున్నారా?"

"తెలుసు సార్."

"మరి నన్నేమి రాయమంటారు?"

"చూడలేదని రాయుండ్రి. గది నిండ ఉన్నరని రాయమని నేనెట్లంట? మీరు చూడలే గద." కొంచెం ఆగి, "ఎండల వచ్చిండ్రు. జర కూసోండ్రి, మంచినీళ్లు తాగుండ్రి," అన్నారు.

"నా నీళ్లు నాకున్నాయి." ఫ్లాస్కు మూత తిప్పిన చప్పుడు.

ఖాలా నా భుజం పక్కకు నెట్టి పర్దాకు నోరు దగ్గరగా పెట్టింది. "ఓ సాబ్! గా నీళ్లు యాడియి?"

బూట్లు ఉలిక్కిపడ్డట్టు కదిలాయి. "ఎవరావిడ?"

"మా పక్కింటి ఖాలా సార్," అన్నారు మా ఆయన.

"బస్టాండు దగ్గర మా డ్రైవరు పట్టాడమ్మా. ఏం?"

"తాగకు, తాగకు. జర ఇటియ్యి. చూసి చెప్తం."

ఆయన ఇస్తాడనుకోలేదు. కాసేపటికి ఫ్లాస్కు పర్దా కింద నుంచి జారి లోపలికి వచ్చింది. తొందరలో మొదటి చుక్క పలక పక్కన పడింది. రెండోది సరిగా వేసి, అద్దం వెలుతురుకు తిప్పాను. కొంతసేపు నాకేమీ కనబడలేదు. నీళ్లు బాగానే ఉన్నాయని చెప్పి పంపేద్దామనుకున్నాను. సేఠు కోడలు బొమ్మ దగ్గర నుంచి వచ్చి, ముసుగు పైకి తోసుకుని, కన్ను పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"ఉంది," అంది, నాకొక్కదానికే వినబడేలా.

"ఉందట!" అని ఖాలా అరిచింది.

"ఏముంది?" అన్నాడు అధికారి.

సేఠు కోడలు మగవాళ్లకు వినబడేలా మాట్లాడదు. ఆమె నాతో చెబితే నేను ఖాలాతో, ఖాలా పర్దాతో.

"వడ్లగింజ లెక్కున్నదంట సాబ్. పారదర్శకంగ... అరె, అద్దం లెక్క, లోపట అంత కనిపిస్తదంట. గుండ్రంగ తిరుగుతున్నదంట. ఇగో పోయింది. ఇగో మల్లొచ్చింది."

అందరూ సూక్ష్మదర్శిని చుట్టూ మూగారు. ఒక్కొక్కరు చూసి ఒక్కో మాట. తోకుందని ఒకామె, తోక కాదు వెంట్రుకలని ఇంకొకామె. బయట వినిపించేటట్టే వాదులాడుకున్నారు.

"నిజంగా ఉందా, నన్ను ఆటపట్టిస్తున్నారా?"

"ఝూట్ ఎందుకు జెప్తం? నీ కండ్లతోటి చూడందే నమ్మవా సాబ్?"

ఆ మాటకు లోపల అందరూ నవ్వారు. భయపడినవాళ్లు నవ్వే నవ్వు, చప్పున ఆగింది. ఎందుకంటే బూట్లు పర్దా దగ్గరికి వచ్చాయి. జంపఖానా మీద మనిషి నీడ పడింది. అంచు కొద్దిగా కదిలింది. ఆయన చెయ్యి దాని మీద ఉందో, గాలికి కదిలిందో నాకిప్పటికీ తెలియదు. తన నీళ్లలో ఏమున్నదో లోపలున్న ప్రతి ఒక్కరూ చూశారు. చూడనివాడు ఆయనొక్కడే.

"సార్," అన్నారు మా ఆయన.

ఆ ఒక్క మాటే. గట్టిగా అనలేదు. బతిమాలినట్టూ లేదు. ఆయన ఆ గొంతుతో మాట్లాడటం నేనంతకు ముందు వినలేదు, తరువాతా వినలేదు.

నీడ అలాగే ఉండి, తరువాత వెనక్కి జరిగింది.

"అయితే ఏం చెయ్యాలమ్మా ఆ నీళ్లను?" అన్నాడు అధికారి, చాలా మెల్లగా.

"మరగబెట్టాలె. బుడగలొచ్చినంక గూడ జరసేపు పొయ్యి మీద ఉంచాలె. మీ ఇంటామెకు జెప్పు."

ఆయన ఇంకా కొన్ని అడిగాడు. జాబితాలో ఉన్న కర్రకన్నులో ఏం చూశారని అడిగితే, ఎదుటి వస్తువు నీడ లోపల తలకిందులుగా పడుతుందని ముగ్గురు నలుగురు ఒకేసారి చెప్పారు. కలం కాగితం మీద గీకిన చప్పుడు వినిపించింది. ఫ్లాస్కు తిరిగి ఇచ్చాక డ్రైవరు ఆ నీళ్లు మోరీలో పారబోశాడు. అధికారి మా కూజాలో నీళ్లు అడిగి తాగాడు. జీపు చప్పుడు గల్లీ దాటాక ఖాలా చెప్పులు కింద పెట్టింది.

అసర్ దాకా అందరూ ఉన్నారు. రిక్షాలన్నీ వెళ్లాక మా ఆయన వచ్చి మెట్టు మీద కూర్చున్నారు.

"ఏం రాసిండు?"

"చూడలేదని రాసిండు. లోపల ఆడోళ్ల గొంతులు ఇన్నా అని గూడ రాసిండు. నాకు సదివి ఇనిపించిండు."

"గొంతులకు ఇస్తరా?"

"ఏమో."

ఇవ్వలేదు. మార్చి నెలాఖరు దాకా ఆయన రోజూ ఆఫీసు మెట్లెక్కి దిగారు. చివరికి, తనిఖీకి వీలుకాని సంస్థకు ఇవ్వడం కుదరదని నోటిమాటగా చెప్పి పంపేశారు. సేఠు లెక్కలు రాసే మునీముతో వచ్చి, పాము సీసాల మధ్య నుంచే తాడు పట్టి, బస్తాలెన్ని పడతాయో కొలుచుకున్నాడు. సంఘం స్నేహితుల్లో ఒకరు మా ఆయన్ని మా ఇంటి వాకిట్లోనే నిలదీశారు: "ఐదు నిమిషాల కాడ అంత పోగొట్టినవ్ గద భాయ్. ఆళ్లు మొఖాలు తిప్పుకుంటే అయిపోతుండె గద." ఆ తరువాత ఆ స్నేహితుడు మళ్లీ రాలేదు. రెండో స్నేహితుడు కూడా మెల్లగా రావడం మానేశాడు.

దూరదర్శిని జాగీర్దారు ఇంటికి తిరిగి వెళ్లింది. కరెంటు యంత్రం కాలేజీకి, పాములు బడికి. సూక్ష్మదర్శిని, కర్రకన్ను, సున్నపు బొమ్మ మా ఇంటి ముందు గదిలోకి వచ్చాయి. మరుసటి శుక్రవారం ఆయనే జంపఖానా మా గుమ్మానికి వేలాడదీశారు. కూజా నింపారు. గొడుగు తీసుకుని బయటికి వెళ్లిపోయారు.

ఎక్కడికని అడిగితే ఊరికే అనేవారు. జహనుమా వైపు నడిచి, అక్కడ తెలిసిన దర్జీ దుకాణంలో కూర్చుని, అసర్ అజా విన్నాక బయలుదేరేవారని తరువాత తెలిసింది. ఏళ్ల తరబడి శుక్రవారం మధ్యాహ్నాలు ఆయనకు ఇల్లు లేదు. జ్వరం వచ్చిన ఒక శుక్రవారం కూడా దుప్పటి కప్పుకుని వెళ్లి ఎదురింటి అరుగు మీద పడుకున్నారు. మగపిల్లలకు మళ్లీ ఒక గది చూడాలని అంటూనే ఉండేవారు. దొరకలేదు. కాలేజీ నుంచి వచ్చి, వాళ్లకోసం మనసులో కట్టుకున్న కొత్త యంత్రాల బొమ్మలు పలక మీద గీసి తుడిచేసేవారు. ఆ నష్టం చిన్నదని నేనెప్పుడూ అనలేదు. ఆయనా అనలేదు.

సేఠు కోడలు బిడ్డను ఎత్తుకుని మా ఇంటికి కూడా వచ్చింది. తన మామ మిర్చి ఘాటు ఆ గల్లీలో అడుగుపెట్టగానే తుమ్ములు తెప్పించేది. దాని గురించి మేమిద్దరం మాట్లాడుకోలేదు.

ఆయన పోయిన వారం, మగవాళ్లంతా వెళ్లాక ఆమె వచ్చింది. ఇప్పుడు ముసలావిడ. ముసుగు ఎప్పుడో మానేసింది. నా పక్కన కూర్చుని, గోడకు కొత్తగా వేలాడదీసిన ఫోటో వైపు చూసింది.

"అక్కా, ఈయనేనా?"

"ఈయనే."

"గా దినం 'సార్' అన్నది?"

"ఈయనే."

ఆమె లేచి ఫోటో దగ్గరికి వెళ్లింది. అన్నేళ్లు మా ఇంటికి వచ్చింది, ఆయన్ని ఒక్కసారీ చూడలేదు. ఆమె వచ్చేసరికి ఆయన వెళ్లిపోయేవారు, ఆయన వచ్చేసరికి ఆమె వెళ్లిపోయేది.

"గా గొంతు ఇని, పెద్ద మీసాలాయన అనుకున్న," అంది. "ఇంత సన్నగుండెనా?"

"మీసాలు ఎన్నడూ పెట్టలేదు."

ఎత్తులో ఉండటం వల్ల ఆమెకు సరిగా కనబడటం లేదు. నేను స్టూలు ఎక్కి ఫోటో దించి, కొంగుతో అద్దం తుడిచి ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని కిటికీ దగ్గరికి, వెలుతురులోకి తీసుకెళ్లింది.